గెలిచే మాట గట్టున పెట్టి వెళ్లండి

ఇద్దరు ఆడపిల్లలు పెళ్లి చేసుకోవచ్చా, ఇద్దరు మగపిల్లలు చేసుకోవచ్చా అని భక్తిపరుడైన స్నేహితుడితో వాదించబోతున్నారా? ముందు ఓడిపోవడానికి సిద్ధపడి వెళ్లండి. ఇదేం తలకిందుల సలహా అని మా ఇంట్లోవాళ్లే అన్నారు. అయినా చెబుతాను. చల్లపల్లి సెంటరుకి దగ్గర్లో ఒక లేడీస్ టైలర్ కొట్టు బల్ల మీద కూర్చుని రెండేళ్లు వాదించినవాణ్ణి నేను.

ఆ కొట్టు మావాడిది. వాడు, నేను ఒకే బడి. వాడు చర్చిలో సంఘపెద్ద. ఊరంతా బ్రదర్ అంటుంది, నాకు మాత్రం ‘ఒరేయ్’. మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఒక భీమవరం అమ్మాయితో ఉంటోంది. వాళ్లది గది పంచుకోవడం కాదు, కాపురం. ఆ సంగతి ఇంట్లో తెలిశాక బయట ముందు వాడికే చెప్పాను. ‘‘అది పాపంరా’’ అన్నాడు, కుట్టు ఆపకుండా.

తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోండి అంటారు పెద్దలు. వద్దు. ఎదురెదురుగా కూర్చుంటే పంచాయితీ అవుతుంది. అవతలివాడి చేతిలో పనుండగా మాట్లాడండి. వాడు హుక్కులు కుడుతుంటే కళ్లు గుడ్డ మీద ఉంటాయి, మాట చెవిన పడుతుంది, వెంటనే జవాబు చెప్పి తీరాలన్న పంతం ఉండదు. బాబిన్‌లో దారం అయిపోతుంది చూడండి, అది మార్చుకునే నిమిషంలో మనిషి నిజంగా ఆలోచిస్తాడు.

వచనాల జోలికి పోకండి. లేవీయకాండానికి అర్థం అది కాదని, పౌలు మాట్లాడింది ఇంకేదో అని రుజువులు పట్టుకెళ్లొద్దు. రోజూ తెల్లారుజామున బైబిలు తెరిచేవాడికి మొన్న మొన్న తిరగేసిన మనం బోధించడమేమిటి? ‘‘నీ గ్రంథంలో అలాగే ఉంది, ఒప్పుకున్నాను’’ అనేయండి. హిందూ స్నేహితుడైతే మోహినినీ శిఖండినీ పిలవకండి. కూచిపూడి మనకి పక్కూరి లెక్క. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ పట్టుకుని వస్తే ఆడవాళ్లే ముచ్చటపడేవారు; 1970లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. అంత గొప్ప కళని మన తగువులోకి సాక్ష్యానికి ఈడ్చుకురావద్దు. వేషం వేరు, కాపురం వేరు. మన పిల్లలు వేషం కట్టలేదు.

ఇలాంటి పెళ్లికి హక్కు నెదర్లాండ్స్‌లో 2001లోనే వచ్చింది, తైవాన్‌లో 2019లో, థాయ్‌లాండ్‌లో 2025లో అని చదివితే, ‘‘వాళ్లకేం, ఏదైనా చేస్తారు’’ అంటాడు. నేపాల్‌లో 2023 నవంబరులో అలాంటి పెళ్లి ఒకటి రిజిస్టరు అయిందన్నది ఒక్కటే చెప్పండి, అదీ అడిగితేనే.

మనం ఓడిన కేసు ముందు చెప్పండి. హైదరాబాద్‌లో కాపురమున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో బంధువుల మధ్య వేడుక చేసుకుని, మరుసటేడు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకీ వర్తించాలన్నారు. 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది: పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు, చట్టం మార్చాల్సింది పార్లమెంటేనన్నారు. పెళ్లి పేరు లేకుండా జంటగానైనా గుర్తించాలన్న మాటకి ఇద్దరు ఔనంటే ముగ్గురు కాదన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. ఇదంతా చెప్పి ‘‘మీరే గెలిచారురా’’ అన్నాను. వాడు కత్తెర కింద పెట్టాడు. ‘‘మరి ఆ పిల్లల్లో ఒకరికి జబ్బు చేస్తే ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు?’’ అని వాడే అడిగాడు. నేను అడగాలని దాచుకున్న ప్రశ్న అది.

అవతలివాణ్ణి తండ్రి పక్షాన మాట్లాడనివ్వండి. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని తండ్రి బలవంతంగా నర్సీపట్నం తీసుకుపోయి ఇంట్లో ఉంచేశాడని రెండో అమ్మాయి మన హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. 2024 డిసెంబరులో జస్టిస్ రఘునందనరావు, జస్టిస్ మహేశ్వరరావుల బెంచి, ఆ అమ్మాయి మేజరు, తన నిర్ణయం తనది, తల్లిదండ్రులు జోక్యం చేసుకోకూడదు అని చెప్పింది. ఇది చదివి వినిపిస్తే మావాడు గంటసేపు ఆ తండ్రి గురించే బాధపడ్డాడు. కని పెంచినవాడు ఏమైపోవాలి, ఊళ్లో తల ఎలా ఎత్తుకోవాలి అని. నేను అడ్డు రాలేదు. నిజంగానే ఆ తండ్రి బాధ బాధే. చివర్న, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు కదుపుతూ, ‘‘కానీ ఎదిగిన పిల్లని ఎత్తుకుపోవడం తప్పురా’’ అన్నాడు. అది నా నోటి నుంచి వచ్చి ఉంటే వాడు జన్మలో అనడు.

ఇంత ఓపిక నాకు పుట్టుకతో లేదు. అంతకుముందు ఒకసారి గెలిచాను. మావాడి కొడుకు హిందువుల అమ్మాయిని చేసుకున్నాడు. అదే ప్రత్యేక వివాహ చట్టం కింద, రిజిస్ట్రారు ఆఫీసులో. ముగ్గురు సాక్షుల్లో మావాడొకడు. ‘‘నీ కొడుకు పెళ్లిని కూడా దేవుడొప్పడనే కదరా మీవాళ్లు కొందరన్నారు? అప్పుడు ఏ చట్టం పట్టుకున్నావు?’’ అన్నాను. తిరుగులేని మాట. మిషను ఆగిపోయింది. వెనక గదిలో వాడి కోడలు బియ్యం ఏరుతోంది. ఆ చప్పుడూ ఆగిపోయింది. తన పెళ్లి ఇలా వీధి బల్ల మీద తూకానికి వచ్చిందని ఆ పిల్ల విన్నది. ఆర్నెల్లు వాడు నాతో మాట్లాడలేదు. మళ్లీ వెళ్లి ముందు ఆ అమ్మాయికి చెప్పుకున్నాను, తప్పైపోయిందమ్మా అని. వాడికి కాదు. అందుకే చెబుతున్నాను: స్నేహితుడి ఇంట్లోంచి దొరికే మాట ఎంత పదునైనదైనా వాడొద్దు. అది తగిలేది వాడికి కాదు, వాడు ఎవరికోసం లోకాన్ని ఎదిరించాడో వాళ్లకి.

మా మేనకోడలి మీద ప్రేమ ఉండబట్టే ఇదంతా. దానికి పెళ్లి హక్కు కావాలి, అందులో నేను వెనక్కి తగ్గను. కానీ ఆ హక్కు వచ్చేలోపు అది పండక్కి ఇంటికొచ్చినప్పుడు సెంటర్లో పలకరించే మనుషులు కూడా కావాలి.

మొన్న సంక్రాంతికి పిల్లలిద్దరూ వస్తున్నారని జాకెట్టు గుడ్డలు పట్టుకెళ్లాను. మావాడు కొలతల పుస్తకం తీశాడు. మా కుటుంబానికి అందులో ఒక పేజీ ఉంది. మా అక్కవి, మా ఆవిడవి, మేనకోడలివి, అన్నీ వరసగా. ‘‘రెండో పిల్లది ఆది జాకెట్టు తెచ్చావా?’’ అన్నాడు. ఇచ్చాను. టేపుతో కొలిచాడు, భుజం, చేయి, నడుము. పేజీ తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. మేనకోడలి పేరు కిందే ఆ అమ్మాయి పేరు రాశాడు.

‘‘పెళ్లి మాత్రం కాదురా అది’’ అన్నాడు, అంకెలు వేస్తూనే.

‘‘సరేలేరా’’ అన్నాను.