నెల తప్పితే వినకూడని సలహాలు

ఊడ్పుల రోజుల్లో ఎవరికైనా నెల తప్పిందంటే ఘంటసాలలో సలహాలకు కరువుండదు. చేలో ఒకరు, ఇంట్లో ఒకరు, మందుల షాపులో మరొకరు చెబుతారు. వాటిలో ఈ ఐదు మాటలు నమ్మకండి.

1. "రెండు రోజులు దాటింది, ఇక కడుపే."
తొందరపడకండి. ముట్టు మొదటి రోజు నుంచి మళ్లీ వచ్చే ముట్టు మొదటి రోజు దాకా 21 నుంచి 35 రోజులు పట్టడం మామూలే. దిగులు, జ్వరం, బరువు మారడం, థైరాయిడ్, పీసీఓఎస్, చంటిబిడ్డకు పాలివ్వడం కూడా తేదీని జరుపుతాయి. ప్రతి నెలా మొదటి రోజు క్యాలెండర్‌లో రాసుకోండి.

2. "మూత్రంలో పంచదార వేస్తే తెలిసిపోతుంది."
తెలియదు. గర్భం నిలిచాక ఒంట్లో పుట్టే హెచ్‌సీజీ హార్మోన్‌ను ఇంట్లో పట్టిచ్చేది కిట్ ఒక్కటే. ఆశా కార్యకర్తను అడిగితే నిశ్చయ్ కిట్ ఉచితంగా ఇస్తుంది. రావలసిన రోజు దాటాక, పొద్దున లేవగానే పోసిన మూత్రంతో పరీక్షించండి.

3. "గీత లేతగా ఉంది, లెక్కలోకి రాదు."
వస్తుంది. కిట్ మీద రాసిన సమయానికే చూడండి. అప్పటికి సి, టి రెండు చోట్లా గీతలుంటే, టి గీత ఎంత లేతగా ఉన్నా గర్భమనే అనుకోవాలి. సి దగ్గర గీత రాకపోతే ఆ కిట్ పనిచేయలేదు. సి ఒక్కటే వచ్చి ముట్టు రాకపోతే వారానికి మళ్లీ చేయండి.

4. "బొప్పాయి, చిమ్మిలి తిను. లేదా షాపులో మాత్ర అడుగు."
అన్నిటికంటే ప్రమాదం ఇదే. చిమ్మిలి ఒంటికి మంచి తిండి, అంతే. అదీ, బొప్పాయీ ముట్టు తెప్పించే మందులు కావు. డాక్టరు చూడకుండా మాత్ర మింగితే, పిండం ఒకవేళ ఫెలోపియన్ ట్యూబులో ఉంటే ఆ సంగతి బయటపడదు. ఆ ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే రేపు బందరు వెళదామని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గర్భం వద్దనుకున్నా దొంగచాటు మాత్రలు అక్కర్లేదు. 1971 నాటి గర్భస్రావ చట్టం, దాని 2021 సవరణ ప్రకారం, చట్టం ఒప్పుకున్న కారణాలుంటే 20 వారాల దాకా ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. మీ పేరు గోప్యంగా ఉంచాల్సిందే.

5. "మూడో నెల దాకా ఎవరికీ చెప్పకు."
చుట్టాలకు చెప్పకపోయినా ఫర్వాలేదు. ఏఎన్ఎంకు మాత్రం వెంటనే చెప్పండి. ఫోలిక్ యాసిడ్ అవసరం మొదటి వారాల్లోనే ఎక్కువ.

సలహా ఇచ్చే అత్తలకు, అక్కలకు ఒక మాట. నెల తప్పిన పిల్లను నిలదీయకండి. భయపడితే మీ దగ్గర దాచి, ఎవరో చెప్పిన మాత్ర మింగుతుంది. ముందు కిట్ తెప్పించండి, తర్వాత ఆసుపత్రికి తోడు వెళ్లండి.