పౌరసత్వం పదిలం, హక్కులకే సెలవు

ఉగ్రవాదం పేరిట పౌరసత్వాన్ని ఊడబెరికే విద్యలో బ్రిటన్‌ది గురుస్థానమన్న అభిప్రాయం పండితుల్లో బలంగా ఉంది గానీ, ఓరుగల్లు ప్రాంత అనుభవాన్ని కాస్త శ్రద్ధగా పరిశీలిస్తే ఆ గురువు ఇంకా ఓనమాలు దిద్దుతున్నట్టే కనిపిస్తుంది. పదిహేనేళ్ల వయసులో సిరియాకు వెళ్లిపోయిన షమీమా బేగం పౌరసత్వాన్ని 2019 ఫిబ్రవరిలో రద్దు చేసిన ఆ దేశం, ఆ ఒక్క ఉత్తర్వును నిలబెట్టుకోవడానికి ఏళ్ల తరబడి కోర్టుల మెట్లెక్కి దిగవలసి వచ్చింది. భారతదేశంలో అంత శ్రమ అక్కర్లేదు. ఇక్కడ పౌరసత్వాన్ని పౌరుడి దగ్గరే ఉంచి, దానితోపాటు వచ్చే హక్కులను మాత్రమే పక్కన పెట్టే మెరుగైన పద్ధతి ఎప్పుడో స్థిరపడింది.

ఈ పద్ధతి అవసరం పౌరసత్వ చట్టం నుంచే పుట్టింది. 1955 నాటి ఆ చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం కేంద్రం పౌరసత్వాన్ని రద్దు చేయగలిగేది ప్రధానంగా దరఖాస్తు పెట్టుకుని పొందినవారి విషయంలోనే గానీ, ఇక్కడే పుట్టి పెరిగిన పౌరుణ్ని ఆ సెక్షన్ తాకలేదు. పైగా రద్దుకు ముందు కారణం చెబుతూ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అనేక సందర్భాల్లో కోరినవారికి న్యాయాధికారిగా పదేళ్ల అనుభవమున్న అధ్యక్షుడి కింద విచారణ సంఘం వేయాలి, చివరికి ఆ వ్యక్తి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితం కాదని ప్రభుత్వం సంతృప్తి చెందాలి.

ఇంత తతంగం ఎంతకాలం సాగుతుందో వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ ఉదంతం చెబుతుంది. 2009లో పొందిన ఆయన పౌరసత్వాన్ని, దరఖాస్తులో వాస్తవాలు దాచారన్న కారణంతో కేంద్ర హోంశాఖ 2017లో రద్దు చేయగా, 2019 జులైలో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది; అదే ఏడాది నవంబరులో హోంశాఖ మళ్లీ రద్దు చేసింది; ఆయన జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో హైకోర్టు తేల్చి 30 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. ఈలోగా ఆయన ఎమ్మెల్యేగా గెలుస్తూనే వచ్చారు.

ఇందుకు భిన్నంగా చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే వాడుకలో ‘ఉపా’, పని వేగంగా కానిస్తుంది. దీని కింద అభియోగపత్రం లేకుండానే 180 రోజుల దాకా నిర్బంధంలో ఉంచవచ్చు, ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు బెయిలు నిరాకరించవచ్చు, 2019 సవరణ తర్వాత విచారణతో నిమిత్తం లేకుండా వ్యక్తినే ఉగ్రవాదిగా ప్రకటించవచ్చు. ఒకప్పటి వరంగల్ జిల్లాలోనిదే అయిన తాడ్వాయి పోలీసుస్టేషన్‌లో 2022 ఆగస్టులో నమోదై, 2023 జూన్‌లో గానీ లోకానికి తెలియని కేసులో ఒక్క ఎఫ్ఐఆర్‌తో 152 మంది నిందితులయ్యారు. వారిలో పౌరహక్కుల ఉద్యమకారుడు ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు. 2020లోనే కన్నుమూసిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ కూడా ఉన్నారు. మరణంతో పౌరసత్వం ముగుస్తుందేమో గానీ నిందితుడి హోదా ముగియదన్న ఈ నూతన సిద్ధాంతాన్ని బ్రిటన్ ఇంకా అందుకోలేదు. గగ్గోలు రేగాక హరగోపాల్ సహా ఆరుగురి పేర్లు తీసేస్తామని పోలీసులు ప్రకటించడంతో, పౌరహక్కులు కావాలనుకునేవారికి ముందు పేరుప్రతిష్ఠలు ఉండి తీరాలని కూడా రుజువైంది.

స్వేచ్ఛగా సంచరించడం, ఇష్టమైనచోట నివసించడం రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు మాత్రమే ఇచ్చిన హక్కులు. వరంగల్ సీకేఎం కళాశాలలో పాఠాలు చెప్పిన కవి వరవరరావు నిస్సందేహంగా భారత పౌరుడే. అయితే ఉపా కిందే సాగుతున్న భీమా కోరేగావ్ కేసులో 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాలపై ఇచ్చిన బెయిలు ప్రకారం, అనుమతి లేనిదే ఆయన గ్రేటర్ ముంబై పొలిమేర దాటకూడదు. షమీమా బేగాన్ని స్వదేశానికి రానివ్వకుండా చేయడానికి బ్రిటన్‌కు పౌరసత్వ రద్దు కావలసి వచ్చింది. సొంతూరికి పోనివ్వకుండా ఉండటానికి ఇక్కడ బెయిలు షరతు సరిపోయింది.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. ఉగ్రవాద నిరోధం కోసమని ‘టాడా’ చట్టం వచ్చిన 1985లోనే, సెప్టెంబరు 3న, పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడైన పిల్లల వైద్యుడు ఎ. రామనాథాన్ని వరంగల్‌లోని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆయన పౌరసత్వాన్ని ఏ సెక్షన్ కిందా, ఏ అధికారీ రద్దు చేయలేదు.

ఈ పరిస్థితుల్లో పౌరహక్కుల కార్యకర్తలు పౌరసత్వ రద్దును వ్యతిరేకించడం తెలివితక్కువతనమే అవుతుంది. తమను ఉపా కింద కాకుండా 10వ సెక్షన్ కింద విచారించాలని వారు కేంద్రానికి విన్నవించుకుంటే, ముందస్తు నోటీసు, కారణాలు, విచారణ సంఘం, ప్రజాహితంపై ఆలోచన వంటి సౌకర్యాలన్నీ దక్కుతాయి. విన్నపాన్ని ప్రభుత్వం తప్పక తిరస్కరిస్తుంది. అర్జీదారులు ఇక్కడే పుట్టిన భారత పౌరులు కాబట్టి వారికి అలాంటి రక్షణలు వర్తించవని జవాబు వస్తుంది.