పోస్టరులో దంపతులు, బల్ల మీద ఆమె

ప్రకటనల లోకంలో స్త్రీకి అప్పగించిన ఉద్యోగం నవ్వడం. హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్‌కు సాగే రహదారి మీద ప్లాట్లమ్మే వెంచరుకైనా, నగల దుకాణానికైనా, సిమెంటుకైనా ఆమె నవ్వే పెట్టుబడి. ఆ ప్లాటు ఎవరి పేర రిజిస్టరవుతుందో, ఆ సిమెంటు తట్ట ఎవరి నెత్తికెక్కుతుందో ఆ నవ్వుకు అనవసరం.

ఈ నవ్వు మీద నిఘా లేదనడానికి వీల్లేదు. స్త్రీ దేహాన్ని అసభ్యంగా, కించపరిచేలా చూపడాన్ని నిషేధిస్తూ 1986లో పార్లమెంటు చట్టమే చేసింది. ప్రకటనరంగం తనకు తాను ఏర్పరచుకున్న నియంత్రణ సంస్థ అయిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, ఇంటిపని ఆడవాళ్లకే తగినదన్నట్టు చూపరాదంటూ 2022 జూన్‌లో మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. చట్టం గుడ్డ కొలుస్తుంది, మార్గదర్శకం గరిటె ఎవరి చేతిలో ఉందో చూస్తుంది. ఈ రెండు పరీక్షల్లోనూ నూటికి నూరు మార్కులు తెచ్చుకోగల ప్రకటన ఒకటుంది. అది సాక్షాత్తు ప్రభుత్వానిదే. తలకిందులైన ఎర్ర త్రికోణం, దాని పక్కన భుజాల నిండా పైట కప్పుకున్న ఇల్లాలు, ఇద్దరు పిల్లలు, వెనక రక్షకుడిలా నిలబడ్డ భర్త: కుటుంబ నియంత్రణ పోస్టరులో అసభ్యత మచ్చుకైనా కానరాదు. ఆ నియంత్రణ ఎవరి ఒంటిమీద జరుగుతుందో కూడా కానరాదు.

2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలోని 15–49 ఏళ్ల వివాహితల్లో ట్యూబెక్టమీ, అంటే అండవాహికలను మూసివేసే శస్త్రచికిత్స, చేయించుకున్నవారు 37.9 శాతం కాగా, భర్తలు వేసెక్టమీ చేయించుకున్నవారు 0.3 శాతం, తెలంగాణలో మొదటి అంకె 60 దాటింది. వేసెక్టమీ అంటే వీర్యనాళాలను కత్తిరించడం. దానికి పొట్ట జోలికి పోనక్కరలేదు, ఆ చోటికే పరిమితమైన మత్తు చాలు, అదే రోజు ఇంటికి నడిచిపోవచ్చు. అయినా మగవాడికి నీరసం వస్తుందని, బరువులెత్తలేడని ఊరి వైద్యశాస్త్రం ఏనాడో నిర్ధారించింది. రెండు కాన్పులయ్యి, నాట్లు వేసి, బిందెలు మోసే మనిషికి మాత్రం ఏ నీరసమూ రాదని అదే శాస్త్రం తేల్చింది. (ఈ పరిశోధనకు ప్రయోగశాల అక్కరలేదు, మొగుడూ అత్తగారూ ఉంటే చాలు.)

ఆ శాస్త్రం ఫలితం 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో తేలింది. పత్రికలు కు.ని. శిబిరం అని పొట్టిగా రాసే ఏర్పాటు, అంటే డాక్టరు వచ్చే రోజుకు ఆడవాళ్లనందరినీ రప్పించి వరసగా ఆపరేషన్లు ముగించే ఏర్పాటు, ఆనాడక్కడ జరిగింది. 34 మంది స్త్రీలకు డీపీఎల్ పద్ధతిలో, అంటే పొట్టకు రెండు చిన్న రంధ్రాలు చేసి, లోపలికి చూసే గొట్టాన్ని ఒకదాని గుండా పంపే పద్ధతిలో, శస్త్రచికిత్స చేశారు. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు మరణించారు. గరిటె గురించిన మార్గదర్శకాలు వెలువడి అప్పటికి మూడు నెలలైనా నిండలేదు.

ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో మానుకోవాలని సుప్రీంకోర్టు దేవికా బిస్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14నే ఆదేశించింది. లెక్క ప్రకారం 2019తో ముగియవలసిన పద్ధతికి 2022లో కూడా ఆయుష్షు మిగిలి ఉండడం చూస్తే, ఈ రంగంలో దీర్ఘాయువు శిబిరాలకే రాసిపెట్టి ఉందని ఒప్పుకోక తప్పదు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం, రెండు పడకగదుల ఇల్లు ప్రకటించింది. ప్రాణానికి బదులు ఇల్లిచ్చే ఆఫరును సాగర్ రోడ్డు వెంచర్లవాళ్లు కూడా ఇంతవరకు పెట్టలేదు. అంత జరిగినా మగవాడి నీరసం మీద విచారణ సంఘమేదీ కూర్చోలేదు.

పోస్టర్లు వేయించే అధికారులు వచ్చేసారి ఆ భర్తను వెనక నుంచి ముందుకు జరపాలి. వేసెక్టమీ ఏ రోజు చేస్తారో, ఏ గదిలో చేస్తారో అతని బొమ్మ కిందనే పెద్దక్షరాల్లో రాయించాలి. మొదటి పోస్టరు ఇబ్రహీంపట్నం ఆసుపత్రి గోడకే అంటించాలి.