రూపాయికి 8 పైసల రాజపోషకులు

ఇంటిపన్ను కట్టే తెలుగువాళ్లంతా రాజపోషకులే. నమ్మకం లేకపోతే రసీదు తీసి చూడండి. ఆ పన్నుల వరసలో ఎక్కడో గ్రంథాలయ సెస్సు అని ఒకటి నక్కి ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. వెయ్యి కడితే 80 రూపాయలు. అంటే ఏటా మీరు ఊరికి పుస్తకాలు కొంటున్నారు, పేపర్లు వేయిస్తున్నారు, ఫ్యాన్లు తిప్పిస్తున్నారు. శ్రీకృష్ణదేవరాయలకు భువనవిజయం ఉండేది, మీకు శాఖా గ్రంథాలయం ఉంది. ఆయనకు ఎనిమిదిమంది కవులు, మీకు ఎనిమిది పైసలు.

కాకపోతే రాయలవారిచ్చిన అగ్రహారాలు పెద్దనకు చేరాయంటారు. మీ 80 రూపాయలు మున్సిపాలిటీ దాకా వెళ్లి అక్కడే సేద తీరుతున్నాయి.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ముచ్చటైన చట్టం. పంచాయతీ గానీ కార్పొరేషన్ గానీ ఇంటిపన్నుతో పాటు ఈ సెస్సు వసూలుచేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇది గ్రాంటు కాదు, ఎవరి దయాధర్మమూ కాదు. పెళ్లిలో చదివింపులు రాసుకోమని కూర్చోబెట్టిన బంధువు కవర్లన్నీ సంచిలో వేసుకుని తన ఇంటికి వెళ్లిపోతే నలుగురం నాలుగు మాటలంటాం. మున్సిపాలిటీ చేస్తే మాత్రం దాన్ని నిధుల సర్దుబాటు అంటాం. రెండు రాష్ట్రాల్లోనూ ఈ బకాయిలు కోట్లలో పేరుకున్నాయి. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం రెండయింది, ఉద్యోగులను పంచుకున్నారు, నీళ్ల కోసం కొట్లాడుకున్నారు. ఈ ఒక్క అలవాటును మాత్రం ఉమ్మడి ఆస్తిగా కాపాడుకుంటున్నారు.

తెలుగులో లేఖాసాహిత్యం తక్కువని విమర్శకులు బాధపడుతుంటారు. వాళ్లు గ్రంథాలయ సంస్థల ఫైళ్లు చూసి ఉండరు. సంస్థ కార్యదర్శి కమిషనర్‌గారికి బకాయి చెల్లించమని రాస్తారు. జవాబు రాదు. ‘సూచిక: మా మునుపటి లేఖ’ అంటూ మళ్లీ రాస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ సూచికలు పెరిగి, అసలు ఉత్తరం కాగితం అడుక్కి జారిపోతుంది. విరహం, ఎదురుచూపు, నిష్ఠూరం, చివరికి వైరాగ్యం. ఏ ప్రబంధానికి తీసిపోతుంది? అచ్చు వేయిద్దామంటే డబ్బుల్లేవు.

సెస్సు లేని రోజుల్లో పాపం అప్పటివాళ్లకు తోచక గ్రంథాలయాలు పెట్టేశారు. 1901లో, నిజాం ఏలుబడిలో, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడలో గ్రంథాలయాల వాళ్లందర్నీ పోగేసి ఏకంగా మహాసభే జరిపించారు. 1918లో వేటపాలెం కుర్రాళ్లు మొదలుపెట్టిందే సారస్వత నికేతనం. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఇప్పుడైతే ఆ పడవకు ముందు టెండరు పిలవాలి, తర్వాత రంగు మీద గొడవపడాలి. పడవ నీళ్లలోకి దిగకముందే దానికో చైర్మన్ ప్రమాణ స్వీకారం చేసి ఉంటాడు.

చైర్మన్ అంటే గుర్తొచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్‌గిరీ నామినేటెడ్ పదవి. ఎన్నికల్లో టికెట్టు రాక అలిగిన నాయకుణ్ని బుజ్జగించడానికి పనికొచ్చే సరుకుల్లో ఇదొకటి. పుస్తకాలంటే ఇష్టమేనా అని ఎవరూ అడగరు, ఎంత గట్టిగా అలిగాడన్నదే లెక్క. చైర్మన్ కుర్చీ ఖాళీగా ఉంటే అది పార్టీలో సంక్షోభం. లైబ్రేరియన్ కుర్చీ ఖాళీగా ఉంటే పొదుపు. పొదుపు బాగా సాగుతోంది. రిటైరైనవాళ్ల బదులు కొత్తవాళ్లు రాక, ఉన్న లైబ్రేరియనే పక్క ఊరి తాళంచెవి కూడా జేబులో వేసుకుని తిరుగుతుంటాడు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. శాలువాలు కప్పుతారు, పిల్లలకు వ్యాసరచన పోటీ పెడతారు. వేదిక మీది పెద్దమనిషి ‘జనం చదవడం మానేశారండీ’ అని నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు వినే తీరిక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఎవరికీ ఉండదు. అక్కడ గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు కుర్చీ దొరక్క చెట్ల కింద కూర్చుంటారు. పుస్తకాలు వాళ్లవే, నీళ్ల సీసాలు వాళ్లవే. ప్రభుత్వం తరఫున అందుతున్నది నీడ. అది కూడా ఎవరో పాతకాలం వాడు నాటిన చెట్టుది.

ఇక పన్నుల వాళ్ల క్రమశిక్షణ చూడండి. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ. ఆలస్యం చేశారా, నెలకు 2 శాతం వడ్డీ. మరీ మొండికేస్తే గేటుకు ఎర్ర నోటీసు. మీరు వడ్డీతో సహా కట్టిన ఆ సెస్సును ఏళ్ల తరబడి అట్టిపెట్టుకున్న కార్పొరేషన్ నుంచి మాత్రం నెలకు 2 శాతం అడిగినవాడు లేడు. గ్రంథాలయ సంస్థ వాళ్లు కూడా అలాంటి ఎర్ర నోటీసొకటి కమిషనర్‌గారి గదికి అంటిస్తే బాగుంటుందని నా ఉచిత సలహా. చిక్కల్లా ఒకటే. ఉన్న ఒక్క లైబ్రేరియన్ అటు వెళ్తే ఆ పూట రెండు ఊళ్ల గ్రంథాలయాలకు తాళం పడుతుంది. పైగా జిగురు డబ్బాకు నిధుల్లేవు. వాటికోసం సూచికలన్నీ ఉటంకిస్తూ కమిషనర్‌గారికే మరో ఉత్తరం రాయాలి.