మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా విప్పిన రైతును ‘నీకెంత కావాలె’ అని ఎవరూ అడగరు. ఖరీదుదారు గుప్పెడు కాయలు తీసి, విరిచి, తేమ ఉందని మొహం చిట్లించి రేటు తనే చెప్తాడు. దోపిడీ అయితే అయింది గానీ అందులో నాటకం లేదు. నాటకం చూడాలంటే ఉద్యోగం ఇంటర్వ్యూకు పోవాలి. ప్రశ్నలన్నీ అయ్యాక హెచ్‌ఆర్ మేడమ్ గొంతు మెత్తగా చేసుకుని అడుగుతుంది: “మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?”

బడ్జెట్ ఆమె ముందున్న ఎక్సెల్ షీట్‌లో ఎప్పుడో ఖరారైంది. అయినా అడుగుతుంది. ఎక్కువ చెప్తే ఆశపోతు, తక్కువ చెప్తే ఆ తక్కువే ఖాయం. ‘కంపెనీ రూల్స్ ప్రకారం ఇవ్వండి మేడమ్’ అన్నవాడు సంస్కారవంతుడు. ఆ సంస్కారానికి ఏడాదికో యాభై వేలు కోత.

మా వరంగల్ మడికొండకు ఐటీ పార్కు వచ్చింది, 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ దిగాయి, ఇక ఊళ్లోనే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చని సంబరపడ్డాం. ‘సొంతిల్లు, అమ్మ చేతి వంట, వరంగల్‌లో ఖర్చేముంది’ అని లెక్కగట్టి జీతం కోసే పెద్దమనుషులూ వెంటనే తయారయ్యారు. అంటే అమ్మ కాచే పప్పుచారు కంపెనీకి సబ్సిడీ అన్నమాట! అమెరికా క్లయింటుకు బిల్లు వేసేటప్పుడు ఆ పప్పుచారు ఎవరికీ గుర్తురాదు.

సరే, 3.6 లక్షల ప్యాకేజీ, అదే సీటీసీ, కుదిరింది. నెలకు ముప్పై వేలని నాన్న మురిసిపోయాడు. ఇప్పుడు ఆఫర్ లెటర్ రెండో పేజీ తిప్పు తమ్మీ. బేసిక్ 15 వేలనుకుంటే, కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 ఆ ముప్పైలోదే. ఐదేళ్లు నిలబడితే గానీ అందని గ్రాట్యుటీ 721 అందులోదే. మేనేజర్ మూడ్ బాగుంటే వచ్చే వేరియబుల్ మూడు వేలు, ఇన్సూరెన్స్ ఐదు వందలు కూడా అందులోవే. నీ వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తిపన్ను 200 పోతే చేతిలో పడేది 22 వేలకు ఇరవై ఒక్క రూపాయి తక్కువ. పెళ్లిచూపుల్లో మాత్రం 3.6 అనే చెప్పు. అక్కడ అందరూ సీటీసీలోనే మాట్లాడతారు.

కంపెనీ మారదామంటే ‘ప్రెజెంట్ సీటీసీ ఎంత’ అంటారు. మొదటివాడు ఎంత లోతున ముంచాడో కొలుచుకుని, రెండోవాడు అక్కణ్నుంచే కాస్త పైకి లాగి దాన్ని హైక్ అంటాడు. ఆఫర్ ఇచ్చేదాకా పాత జీతం అడగొద్దని అమెరికాలో మసాచుసెట్స్ 2016లోనే చట్టం చేసింది. కొలరాడోలో 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం రాయాలి. వాళ్లకు రాత్రింబవళ్లు కోడ్ ఎగుమతి చేస్తున్నాం గానీ ఆ చట్టాల్లో ఒక్కటీ ఇటు దిగుమతి కాలేదు.

అడిగితే నువ్వూ ఇన్‌హ్యాండ్ అంకె చెప్పు, సీటీసీ కాదు. కుదిరితే ‘ముందు మీ బడ్జెట్ చెప్పండి మేడమ్’ అని కూడా అడుగు. “సారీ, అది కాన్ఫిడెన్షియల్” అంటుంది. అనేసి, మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ సాయంత్రంలోగా మెయిల్ చేయమంటుంది.