‘ఒప్పుకుంటున్నాను’ గద్యకు దంతాలపల్లి టీక

అవతారిక

పామరులు చదవరు, పండితులు చదివినట్టు తలూపుతారు, కూర్చిన వకీలుకు తప్ప వేరొకరికి నోరు తిరగదు. ఇట్టి ప్రబంధం లోకంలో ఒక్కటే. దాని పేరు ‘వినియోగ నిబంధనలు’. మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లిలో ఒక పిల్లగాడు, బతుకమ్మ కాడ నాయనమ్మ పాడిన పాటను ఫోన్‌లో పట్టి యాప్‌లో పెట్టబోయాడనుకుందాం. ఈ ప్రబంధం అడ్డం వస్తుంది. బొటనవేలితో సర్రున పైకి తోసి, అడుగున ఉన్న నీలి బటన్ నొక్కుతాడు. ఆ నొక్కుడులో ఏమేమి ఒప్పుకున్నాడో విప్పి చెప్పుటే ఈ టీకకు ప్రయోజనం.

మూలం (పలు యాప్‌ల పాఠాలను పోల్చి కూర్చిన సారం)

ఈ సేవయందలి సమస్తము మా సొత్తు. అనుమతి లేక నకలు చేయరాదు, మార్చరాదు, పంచరాదు. మీరు ఎక్కించినది మీదే. అయినను దానిని ప్రపంచమంతటా, రుసుము లేకుండా, మార్చుకొనుటకును మరొకరికి ఇచ్చుకొనుటకును మాకు హక్కు ఇచ్చినవారగుదురు.

ప్రతిపదార్థం

సమస్తము = రాత, బొమ్మ, గుర్తు, మెసేజ్ వచ్చినపుడు మోగు ‘టింగు’ సైతం; మీదే = పేరుకు మీదే; అయినను = ఇక్కడినుండి జాగ్రత్తగా చదువవలెను; ప్రపంచమంతటా = దంతాలపల్లి మొదలు డల్లాస్ దాకా; రుసుము లేకుండా = రూపాయి అడుగరాదు; మరొకరికి = ఆ మరొకరెవరో మీరు అడుగరాదు, వారు చెప్పరు.

అన్వయం

పట్టా పాస్‌బుక్ మీ పేరనే ఉంటుంది. కౌలుదారు మాత్రం కౌలు కట్టడు, తనకు నచ్చినవారికి మారుకౌలుకు ఇస్తాడు. ఆయన వాకిట్లో మీరు కాలు పెడితే మాత్రం నోటీసు.

విశేషం

‘ప్రపంచమంతటా’ అన్నది పాదపూరణకు వేసిన పదం కాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కు రాసిచ్చిన కాగితంలో ప్రాంతం చెప్పకుంటే భారతదేశం వరకే అని, గడువు చెప్పకుంటే 5 ఏళ్లే అని లెక్క. లైసెన్సులకూ ఆ సెక్షనే వర్తిస్తుందని 30ఎ చెబుతుంది. ఖాళీ వదిలితే చట్టం మన పక్షాన పూరిస్తుంది గనుకనే వకీలు ఖాళీ వదలడు.

‘మార్చరాదు, నకలు చేయరాదు’ అన్నచోట టీకాకారుడు కొంత జంకెను. మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి ఏ బటనూ నొక్కకుండానే కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాసెను. మనకు 52వ సెక్షన్ దిక్కు: సొంత చదువుకు, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకొనుట కాపీరైట్ ఉల్లంఘన కాదు. కావున ఈ టీక క్షేమం.

శంక

ఇంతకూ నాయనమ్మ పాట ఎవరిది? పిల్లగాడిదా, యాప్‌దా, అదే పాటను ముందే రికార్డు చేసిన కంపెనీదా?

సమాధానం

కర్త తెలియక తరాలుగా నోటికి నోరు వచ్చిన పాట ఎవరి సొత్తూ కాదు. కంపెనీకి హక్కున్నది తన రికార్డింగు మీద, తాను కొత్తగా కట్టించిన మాట మీద, బాణీ మీద; పాత పాట మీద కాదు. నాయనమ్మ గొంతుకు ప్రదర్శకురాలి హక్కు వేరే ఉంది, దాని గడువు 50 ఏళ్లు. ఈ మూడూ కలగలిసినచోటే కొట్లాట. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘సారంగ దరియా’ వచ్చినపుడు, ఆ జానపదాన్ని సేకరించి పాడింది తానని వరంగల్ గాయని కోమలి ముందుకొచ్చారు. పాట అందరిదే అన్నంత మాత్రాన తెచ్చినవారి పేరు ఎవరిదీ కాకుండా పోదని ఆ పేచీ నేర్పింది.

మరియొక విశేషం

జనగామ జిల్లా బమ్మెరవాడని మనం గట్టిగా చెప్పుకునే పోతన, భాగవతాన్ని రాజుకు అంకితమియ్యనన్నాడని కథ. రాజు అడిగినది ఒక్క అంకితమే. మార్చుకుంటాను, మరొకరికి ఇచ్చుకుంటాను అనలేదు. ఆ భాగవతంలోనే అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండు నారయ పూరించారు. ఎవరి స్కంధం చివర వారి పేరుతో గద్య ఉంది. పూరణకు అడ్డు లేదు, పేరుకు లోటూ లేదు. 57వ సెక్షన్ చెప్పేదీ అదే: హక్కులు రాసిచ్చినా, ఇది నాదని చెప్పుకునే హక్కు, గౌరవానికి భంగం కలిగేలా చెడగొడితే అడిగే హక్కు రచయితకు మిగులుతాయి.

తాత్పర్యం

మాది ముట్టకు, నీది ఇటు పెట్టు.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు నిబంధనలు చదువుతారని టీకాకారునికి భ్రమ లేదు. వీడియో మీదనే నాయనమ్మ పేరు, ఊరు పేరు, తేదీ వేసి, అసలు ఫైలు చెరిపేయక దాచుకున్నవారికి, ‘ఈ పాట మాది’ అని కాపీరైట్ క్లెయిము నోటీసు వచ్చిన నాడు జవాబు రాయడం సులువవుతుంది. ‘అన్నీ ఒప్పుకుంటున్నాను’, ‘నాకు కావలసినంతే’ అని రెండు పెట్టెలు కనబడినచోట రెండోదాన్ని ఎంచుకున్నవారికి సగం పుణ్యం. చదవకుండా నొక్కినవారికి యాప్ తెరుచుకొనును.