ఫ్రిజ్ పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
అలలు హాలులోన నమరింప వలదయ్య
మంచుకొండ చాలు మనకు నింట
ఎండ సోకు గోడ నెత్తిపెట్టితివేని
నీలి మిగులు, నెరుపు నీరసించు

అవతారిక: టోక్యో తూర్పున నిషికసాయి అనే పేట ఉంది. మన సాఫ్ట్‌వేర్ సంసారాలు అక్కడ మెండు. అందులో ఒక తెలుగింటాయన జింబోచో పాత పుస్తకాల వీధిలో చెక్క అచ్చు బొమ్మల చిత్రకారుడు హొకుసాయి 'పెద్ద అల' పోస్టరు కొని చంకన పెట్టుకుని వచ్చాడు. చుట్ట విప్పీ విప్పకముందే ఇల్లాలు ఆశువుగా చెప్పి, ఫ్రిజ్ తలుపుకు అంటించిన పద్యమిది.

ప్రతిపదార్థం: అయ్య = ఓ పెనిమిటీ; అలలు = ఆ ఒక్క అల (బహువచనం గౌరవంతో కాదు, విసుగుతో వచ్చింది); హాలులోనన్ = సోఫా ఎదుటి గోడన; అమరింపవలదు = తగిలించకు; మనకున్ = ఇద్దరికీ అని మాటవరసకు, నిర్ణయం మాత్రం ఏకపక్షం; ఇంటన్ = అద్దె ఇంట్లో; మంచుకొండ = ఫూజీ; చాలు = చర్చ ముగిసింది; ఎండ సోకు గోడన్ = బాల్కనీ పక్క గోడ మీద; ఎత్తిపెట్టితివేని = తగిలించావో; నీలి మిగులు = నీలం ఒక్కటే నిలుస్తుంది; ఎరుపు నీరసించు = ఎరుపు వెలవెలబోతుంది.

తాత్పర్యం: సుగమం.

శంక: ఆ అల బొమ్మలోనే మంచు కప్పిన ఫూజీ ఉంది కదా! అల వద్దని కొండ చాలంటే పద్యం తన్ను తానే ఖండించుకోవడం లేదా?

సమాధానం: లేదు. 'ఫూజీ ముప్పై ఆరు దృశ్యాలు' అనే పేరుతో 1830 ప్రాంతంలో మొదలై, గిరాకీ కొద్దీ 46 బొమ్మలకు పెరిగిన ఆ వరుసకు కొండే నాయకుడు. కానీ ఈ బొమ్మలో నాయకుడు అల వంపు కింద బొటనవేలంత అయిపోయాడు. కంటికి ముందు ఆనేది నురగ గోళ్లు, తరవాత మూడు పడవలు. బొమ్మకు జానెడు దూరంలో నిలబడి చూడండి. పడవవాళ్లు తలలు వాల్చి, తెడ్ల మీద బోర్లా వాలిపోయి, ఒకరి వెనక ఒకరు కరుచుకుని ఉన్నారు. మరుక్షణం వాళ్ల గతి ఏమిటో బొమ్మ చెప్పదు. రోజూ ఉప్మా తింటూ వాళ్లను చూడడాన్ని 'జపనీస్ ప్రశాంతత' అని అమ్మే దుకాణాలకు పడవలు కనపడలేదనుకోవాలి. జపాను ప్రభుత్వం 2024లో వెయ్యి యెన్ల నోటు వెనక ఈ అలను వేసింది. అక్కడ అభ్యంతరం లేదు, నోటు ఇంట్లో ఎలాగూ నిలవదు.

'మంచు, కొండ' అని విడదీసి, ఇది ఫూజీ కాదు, హిరోషిగే అనే మరో చిత్రకారుడు గీసిన కంబారా మజిలీ అనే పక్షం ఒకటుంది. తొకైదో అనే పాత రహదారి మజిలీల వరుసలోని (1833–34) ఆ బొమ్మలో రాత్రి మంచులో ముగ్గురు నడుస్తారు. ఒకరు సగం మూసిన గొడుగులో తల దూర్చారు. తమాషా ఏమిటంటే కంబారా వెచ్చని ఊరు, మంచు పడడమే అరుదు. కనుక అలంకారం అతిశయోక్తి. అయినా గోడ మీదికి ఏ బొమ్మ అంటే ఈ వ్యాఖ్యాత ఓటు దానికే. నడిచేవాళ్లకు కష్టమే కానీ ప్రాణభయం లేదు.

నీలి: విదేశాల నుంచి దిగుమతైన ప్రష్యన్ నీలం. ఇలాంటి బొమ్మల్లో ఆకాశం పైన చిక్కగా మొదలై కిందికి పలచబడుతుందే, అది బ్రష్షుతో పలకమీద నీళ్లూ రంగూ కలిపి, ప్రతి కాగితానికీ మళ్లీ మళ్లీ చేతితో సర్దే పని. గీసేవాడొకడు, చెర్రీ చెక్క మీద చెక్కేవాడొకడు, అద్దేవాడొకడు, పెట్టుబడి ప్రచురణకర్తది. రంగుకో అచ్చు అంటే పెడన అద్దకంవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఎరుపు: మనం నూనె తీసే కుసుమ మొక్క పూల నుంచే పాత బొమ్మల్లో ఒక ఎరుపు వచ్చేది. వెలుతురుకు ఆగదు. అందుకే మ్యూజియాలు ఇలాంటి బొమ్మలను కొన్ని వారాలు చూపి చీకట్లో పెడతాయి. ఎదో (నేటి టోక్యో) జనం వీటిని ఎక్కువగా చేతిలో పట్టుకుని చూసి దాచుకునేవారు. ఖరీదు నూడుల్స్ గిన్నె ఒకటి రెండిటికి మించేది కాదు.

మరి పోస్టరుకు కుసుమ ఎరుపు ఎక్కడిది అంటారా? మంగలి షాపు కిటికీలో ఏళ్ల తరబడి ఎండిన హీరోల మొహాలు నీలంగా తేలడం చూసినవారు ఈ ప్రశ్న వేయరు.

ఫలశ్రుతి: ఈ పద్యము పఠించి, నీడపట్టున పుష్‌పిన్నుతో ఒక్క బొమ్మ తగిలించు అద్దెదారునకు డిపాజిట్టులో కోత ఉండదు, పిన్ను రంధ్రము మామూలు అరుగుదలయే అని జపాను ప్రభుత్వ మార్గదర్శకము. మేకు కొట్టినవానికి ఆ ఫలము లేదు.